కిర్గిజ్‌స్తాన్ చలి, ఎండ, వాన: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంబీబీఎస్ కోసం బిష్కెక్‌లో ఆరేళ్లు ఉన్నాను. ఇప్పటికీ ఆగస్టు వచ్చిందంటే చాలు, కొత్తగా వెళ్లే పిల్లల నుంచి, వాళ్ల అమ్మానాన్నల నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఫీజులు, తిండి పోగా మిగిలిన ప్రశ్నలన్నీ వాతావరణం మీదే. చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. కొండలు ఎక్కడానికో, ఇస్సిక్-కుల్ సరస్సు చూడ్డానికో వెళ్లేవాళ్లకు కూడా కొంత పనికొస్తుంది.

అన్నా, అక్కడ మైనస్ ఎంత ఉంటుంది?

"ఏ ఊళ్లో?" అని అడుగుతాను. అవతలివాళ్లు "కిర్గిజ్‌స్తాన్‌లోనే" అంటారు. అలా చెబితే లెక్క తేలదు. ఆ దేశంలో 90 శాతానికి పైగా నేల సముద్రమట్టానికి 1,000 మీటర్లకు పైనే ఉంది. దేశం మొత్తం సగటు ఎత్తు దాదాపు 2,750 మీటర్లు. కిలోమీటరు పైకి వెళ్తే సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. కాబట్టి అక్కడ వాతావరణం అడిగేటప్పుడు నెలతో పాటు ఎత్తు కూడా చెప్పాలి.

రాజధాని బిష్కెక్ 800 మీటర్ల ఎత్తులో ఉంది. దక్షిణాన ఓష్ దాదాపు 1,000 మీటర్లు, జలాలాబాద్ అంతకంటే కాస్త కింద. మన పిల్లలు ఎక్కువగా చదివేది ఈ మూడు ఊళ్లలోనే. అదృష్టం కొద్దీ ఇవి దేశంలో వెచ్చని ఊళ్లు. బిష్కెక్‌లో జనవరి సగటు మైనస్ మూడు దరిదాపుల్లో ఉంటుంది. మామూలు రాత్రుళ్లు మైనస్ ఎనిమిది వరకు పోతుంది. ఏడాదిలో కొన్ని రోజులు మాత్రం సైబీరియా గాలి దిగి మైనస్ 15, ఒక్కోసారి మైనస్ 20 కూడా చూపిస్తుంది. ఓష్, జలాలాబాద్ ఇంకో రెండు మూడు డిగ్రీలు నయం.

అదే బిష్కెక్ నుంచి బస్సెక్కి మూడొందల కిలోమీటర్లు, అంటే మన హైదరాబాద్ - విజయవాడ కంటే కాస్త ఎక్కువ దూరం వెళ్లి నారిన్‌లో దిగండి. ఊరు 2,040 మీటర్ల ఎత్తున ఉంది, జనవరి సగటు మైనస్ 15 దాకా ఉంటుంది. ఇంకా లోపల, చైనా సరిహద్దు దగ్గర అక్సాయ్ లోయలో మైనస్ 53.6 డిగ్రీలు నమోదైంది. ఆ అంకె యూట్యూబ్‌లో చూసి భయపడి నాకు ఫోన్ చేసినవాళ్లున్నారు. అక్సాయ్‌లో మెడికల్ కాలేజీ లేదు, కంగారు పడకండి.

బిష్కెక్‌లో ఏ నెల ఎలా ఉంటుంది?

సెప్టెంబరు చాలా బాగుంటుంది. పగలు పాతిక డిగ్రీలు, పొడి ఎండ, ఎక్కడ చూసినా పుచ్చకాయలు, ద్రాక్ష. కొత్తగా వచ్చినవాళ్లు "ఇదేనా చలి?" అనుకునేది ఈ నెల చూసే. అక్టోబరులో పొద్దున, సాయంత్రం చలి మొదలై, నెలాఖరుకో నవంబరు మొదట్లోనో తొలి మంచు పడుతుంది. డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి పూర్తి చలికాలం. అప్పుడు కూడా మంచు మూడు నెలలూ పడుతూనే ఉండదు. నాలుగు రోజులు పడుతుంది, వారం రోజులు ఎండ కాస్తుంది, కరిగి బురదవుతుంది, మళ్లీ పడుతుంది.

మార్చి 21న వసంత పండగ నూరూజ్. పేరుకు వసంతమే కానీ ఆ రోజు మంచు పడ్డ సంవత్సరాలు కూడా చూశాను. ఏప్రిల్, మే నెలల్లో వానలు, పచ్చదనం. జూన్ నుంచి ఆగస్టు దాకా ఎండాకాలం.

ఉష్ణోగ్రత కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది చీకటి. డిసెంబరులో పగలు తొమ్మిది గంటలే. సూర్యుడు దాదాపు ఎనిమిదిన్నరకు వస్తాడు, అయిదున్నరకు వెళ్లిపోతాడు. ఎనిమిదింటి క్లాసుకు వీధి దీపాల వెలుగులో నడిచి వెళ్లడం అలవాటయ్యేదాకా మనసంతా అదోలా ఉంటుంది. ఇంటి మీద బెంగ ఎక్కువయ్యేదీ అప్పుడే. జూన్‌లో దీనికి బదులు తీర్చినట్టు రాత్రి తొమ్మిదింటి దాకా వెలుతురుంటుంది.

హాస్టల్లో హీటర్ ఉంటుందా?

అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇది. బయట మైనస్ 12 అంటే జాకెట్ వేసుకుని పావుగంట నడుస్తారు, అంతే. గదిలో ఉండేది పద్నాలుగు గంటలు.

సోవియట్ కాలం నాటి అపార్ట్‌మెంట్లకు, చాలా హాస్టళ్లకు సెంట్రల్ హీటింగ్ ఉంటుంది. థర్మల్ పవర్ స్టేషన్‌లో నీళ్లు వేడి చేసి పైపుల్లో ఊరంతా తిప్పుతారు. గదిలో కిటికీ కింద ఇనుప రేడియేటర్ ఉంటుంది. దాన్ని అక్కడ "బతరేయ" అంటారు, మనవాళ్లు బ్యాటరీ అనేస్తారు. అది మన చేతిలో ఉండదు. సిటీ అంతటికీ ఒకేసారి ఇస్తారు, మామూలుగా నవంబరు మొదట్లో. మార్చి చివర్లో ఆపేస్తారు. అసలు ఇబ్బంది అక్టోబరు చివరి రెండు వారాలు, ఏప్రిల్ మొదటి వారం. బయట అయిదు డిగ్రీలుంటుంది, బ్యాటరీ చల్లగా ఉంటుంది, రెండు దుప్పట్లు కప్పుకున్నా పాదాలు వెచ్చబడవు. జనవరిలో పడని జలుబు నాకు ప్రతిసారీ అక్టోబరులోనే పడింది.

మొదటి ఏడాది మమ్మల్ని తీసుకెళ్లిన ఏజెంటు "24 గంటలూ హీటింగ్" అని చెప్పాడు. తీరా చూస్తే ఊరి చివర ఒక సొంతింటి పై అంతస్తు. అక్కడికి సెంట్రల్ పైపు రాదు, కింద ఒక బొగ్గు పొయ్యి ఉంది. రాత్రి పదింటికి ఇంటావిడ బొగ్గు వేసి పడుకుంటే తెల్లవారుజాము నాలుగింటికి అది ఆరిపోయేది. కిటికీ లోపలి వైపు అద్దం మీద మా ఊపిరే మంచు పొరలా గడ్డకట్టి ఉండేది. గోటితో గీకితే తెల్లగా రాలేది. రెండో సెమిస్టర్‌కి గది మారాం. మీరు డబ్బు కట్టేముందు "సెంట్రల్ హీటింగా, కరెంటా, బొగ్గా?" అని మూడు ముక్కల్లో అడగండి. వీడియో కాల్‌లో బ్యాటరీ చూపించమనండి.

సెంట్రల్ హీటింగ్‌కు కూడా గ్యారంటీ లేదు. 2024 ఫిబ్రవరి 2న బిష్కెక్ థర్మల్ స్టేషన్‌లో పేలుడు జరిగి, నడి చలికాలంలో ఊరికి వేడి ఆగిపోయింది. కరెంటు కథ వేరు. దేశంలో విద్యుత్తు ఎక్కువ భాగం నీటి నుంచే వస్తుంది, అందులో పెద్దది నారిన్ నది మీది టోక్టోగుల్ జలాశయం. చలికాలంలో నదుల్లో నీళ్లు తక్కువ, హీటర్ల వాడకం ఎక్కువ. అందుకే కోతలు, పొదుపు ప్రకటనలు. 2023 ఆగస్టు నుంచి 2026 చివరిదాకా విద్యుత్ రంగంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారంటే ఎంత టెన్షనో అర్థం చేసుకోండి.

స్వెటర్లు, జాకెట్లు ఇక్కడ కొనుక్కుని వెళ్లాలా?

వద్దు. మన దగ్గర దొరికేవి మన చలికి సరిపోతాయి. ఒక మామూలు జాకెట్, రెండు జతల థర్మల్స్, ఉన్ని సాక్సులు తీసుకెళ్లండి చాలు. మిగతావి బిష్కెక్ శివార్లలోని దొర్దోయ్ బజారులో కొనండి. ఓడల మీద వచ్చే ఇనుప కంటైనర్లను రెండేసి పేర్చి, కింద కొట్టు, పైన గోడౌన్ చేసుకున్న పెద్ద బజారు అది. బేరం ఆడొచ్చు. బస్సులో వెళ్తూ చేతులు జేబుల్లో పెట్టుకోవడం మర్చిపోవద్దు, జేబుదొంగలుంటారు.

డబ్బు తక్కువగా ఉంటే జాకెట్ మీద మిగిల్చి బూట్ల మీద పెట్టండి. స్పోర్ట్స్ షూస్‌తో చలికాలం గడవదు. ఒక సైజు పెద్దది, లోపల ఉన్ని, కింద మందమైన రబ్బరు సోలు, గాడులు లోతుగా ఉండాలి.

మంచులో నడవడం కష్టమా?

కొత్త మంచు మీద నడవడం సరదాగా ఉంటుంది, అటుకుల మీద నడిచినట్టు కరకరలాడుతుంది. ప్రమాదం కరిగిన మర్నాడు. పగలు ఎండకు కరిగిన నీళ్లు రాత్రికి అద్దంలా గట్టిపడతాయి. దాని మీద పల్చగా కొత్త మంచు పడితే కింద గాజు ఉందని కూడా తెలియదు. చిన్న చిన్న అడుగులేస్తూ, బరువు ముందుకు పెట్టి, బాతులా నడవాలి. జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచేవాళ్లే ఎక్కువ పడతారు. ఆర్థోపెడిక్స్ వార్డులో డ్యూటీ పడిన జనవరిలో మణికట్టు విరిగిన కేసులు ఎన్ని చూశానో లెక్కలేదు.

ఇంకో సంగతి: బిష్కెక్ రోడ్ల పక్కన "అరిక్" అని చిన్న కాల్వలుంటాయి. ఎండాకాలం చెట్లకు నీళ్లు పారించడానికి తవ్వినవి. మంచు కప్పేస్తే రోడ్డెక్కడో కాల్వెక్కడో తెలియదు. నేను పడ్డాను, మోకాలి దాకా.

మా అమ్మాయికి ఆస్తమా ఉంది. పంపొచ్చా?

బాగా ఆలోచించండి, డాక్టరుతో మాట్లాడండి. ఇక్కడ సమస్య చలి కంటే పొగ. చలికాలంలో బిష్కెక్ గాలి ప్రపంచంలోనే అత్యంత కలుషితమైన నగరాల జాబితాలో తరచూ పైన కనిపిస్తుంది. దక్షిణాన ఆకాశాన్నంటే "అలా-తో" అనే కొండలున్నాయి, ఊరు దాని పాదాల దగ్గర పల్లంలో ఉంది. చలిగాలి బరువు కాబట్టి కిందికి జారి ఊరి మీద నిలుస్తుంది, పైన వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. ఆ మూత కింద బొగ్గు పొయ్యిలు, థర్మల్ స్టేషన్, పాత కార్లు. పొగ పోవడానికి దారుండదు.

సాయంత్రం ఆరు దాటాక కాలిన బొగ్గు వాసన గొంతులో తగులుతుంది. ఆదివారం కొండెక్కి వెనక్కి తిరిగి చూస్తే ఊరు ఉండాల్సిన చోట గోధుమరంగు దుప్పటి పరిచినట్టుంటుంది, మీరున్న చోట మాత్రం ఎండ, నీలాకాశం, ఊళ్లో కంటే వెచ్చదనం. ఎత్తుకు వెళ్తే చల్లబడుతుందన్న లెక్క తప్పేది ఇలాంటి రోజుల్లోనే. ఆస్తమా ఉన్న నా జూనియర్ ఒకమ్మాయి ఓష్‌కు మారింది. అక్కడా పొగ ఉంది కానీ తనకు కాస్త నయమైందని చెప్పింది. ఎన్-95 మాస్కులు, ఇన్‌హేలర్లు కావలసినన్ని పంపండి.

వానాకాలం ఎప్పుడు?

మన అర్థంలో వానాకాలం లేదు. నైరుతి రుతుపవనాలకు హిమాలయాలు, పామీర్లు అడ్డు. సముద్రం ఎటు చూసినా వేల కిలోమీటర్ల దూరం. అక్కడికి తేమ వచ్చేది పడమటి గాలులతో, అదీ ఎక్కువగా మార్చి నుంచి మే వరకు. బిష్కెక్‌లో ఏడాది మొత్తం వాన, మంచు కలిపి 450 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. మన అనంతపురం కంటే తక్కువ! మనకు జోరు వానలుండే ఆగస్టు, సెప్టెంబరు అక్కడ అన్నిటికంటే పొడి నెలలు.

వాన కూడా కొండ చెప్పినట్టే వింటుంది. ఫెర్గానా కొండల పడమటి వాలుకు మేఘాలు నేరుగా వచ్చి తగులుతాయి, అందుకే అర్‌స్లాన్‌బాబ్ దగ్గర పెద్ద అక్రోటు అడవి పెరిగింది. ఇస్సిక్-కుల్ సరస్సు సంగతి ఇంకా విచిత్రం. పడమటి చివర బలిక్చీ ఊరు ఎడారిలా ఉంటుంది, ఏడాదికి నూరు మిల్లీమీటర్ల పైన కొంచెం. కొండలు దాటి వచ్చే గాలి అక్కడికి చేరేసరికి పొడిబారిపోతుంది. అదే గాలి 180 కిలోమీటర్ల పొడవున సరస్సు మీదుగా పోతూ తేమ తాగి, తూర్పు చివర కొండలకు కొట్టుకుని కురుస్తుంది. కారకోల్‌లో 400 మిల్లీమీటర్లు దాటుతుంది. బలిక్చీలో రాళ్లు, కారకోల్‌లో స్ప్రూస్ చెట్ల అడవి. ఒకే సరస్సు ఒడ్డున.

వసంతంలో భయపడాల్సింది "సెల్" అనే బురద వరదకు. పైన మంచు కరుగుతుంటే దాని మీద వాన పడుతుంది, లోయలోంచి రాళ్లు, మట్టి, నీళ్లు కలిసి దూసుకొస్తాయి. దక్షిణాన మెత్తటి మట్టి కొండలు ఏకంగా జారతాయి. 2017 ఏప్రిల్‌లో ఓష్ ప్రాంతంలోని ఆయూ గ్రామం మీద కొండచరియ పడి 24 మంది చనిపోయారు. వాన పడ్డ రోజుల్లో వాగు పక్కన పిక్నిక్ పెట్టుకోవద్దు.

ఎండలు ఉంటాయా? ఏసీ కావాలా?

ఉంటాయి. జులైలో పగలు 32 నుంచి 35 మామూలు, కొన్ని రోజులు 40 దాకా పోతుంది. కానీ ఉక్కపోత ఉండదు. చెట్టు నీడకు వస్తే హాయిగా ఉంటుంది, రాత్రికి 18కి దిగుతుంది. రోహిణి కార్తెలో విజయవాడలో పెరిగినవాడికి అదొక లెక్క కాదు.

కిర్గిజ్ పెద్దలు ఎండలకీ చలికీ ఒకే పేరు పెట్టుకున్నారు: "చిల్దె". నలభై రోజుల ఎండ చిల్దె జూన్ చివర మొదలవుతుంది, నలభై రోజుల చలి చిల్దె డిసెంబరు చివర. మన మండలం లెక్కే. ఎండ చిల్దెలో ఊళ్లలో ఉండేవాళ్లకు కూడా మనసు కొండ మీదే ఉంటుంది. కాపరులు గొర్రెల్ని, గుర్రాల్ని "జైలో" అనే ఎత్తైన పచ్చిక మైదానాలకు తోలుకెళ్లి సెప్టెంబరు దాకా యుర్తుల్లో, అంటే ఉన్ని గుడారాల్లో ఉంటారు.

సోంగ్-కుల్ సరస్సుకి జులైలో వెళ్తున్నాం, టీషర్టులు చాలు కదా?

చాలవు. 3,016 మీటర్లు. జులై రాత్రి సున్నాకు దగ్గరగా వస్తుంది, మంచు కూడా పడొచ్చు. మధ్యాహ్నం టీషర్టు, నాలుగింటికి వడగళ్లు, రాత్రికి ఉన్ని టోపీ. యుర్తు మధ్యలో ఎండిన పేడ వేసి పొయ్యి రాజేస్తారు, పిడకల వాసన మనకు కొత్త కాదు.

ఇస్సిక్-కుల్ చలికాలంలో గడ్డకట్టదట, నిజమేనా?

నిజం. 1,607 మీటర్ల ఎత్తులో, చుట్టూ మంచు కొండల మధ్య ఉండి కూడా గడ్డకట్టదు. పేరుకు అర్థమే "వేడి సరస్సు". అడుగున వేడినీటి ఊటలున్నాయని ఊళ్లో అందరూ చెబుతారు. అసలు కారణం లోతు, 668 మీటర్లు. ఎండాకాలమంతా దాచుకున్న వేడి అంత నీటిలోంచి పోవాలంటే ఒక చలికాలం సరిపోదు. నీళ్లు కొంచెం ఉప్పగా ఉండటం కూడా సాయపడుతుంది. ఈతకు జులై, ఆగస్టు బాగుంటాయి, అప్పుడు కూడా నీళ్లు ఇరవై డిగ్రీల పైన కొంచెమే. మొదటి మునకకు అరుపు రావడం ఖాయం.

కొండల్లోకి ఎప్పుడు వెళ్లాలి, ఎప్పుడు వెళ్లకూడదు?

ట్రెక్కింగ్‌కు జులై మొదటి వారం నుంచి సెప్టెంబరు మధ్య దాకా. జూన్‌లో ఎత్తైన కనుమల్లో ఇంకా మంచు ఉంటుంది. స్కీయింగ్‌కు డిసెంబరు నుంచి మార్చి.

ఏప్రిల్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఊళ్లో చెట్లు పూస్తాయి, ఎండ బాగుంటుంది, పరీక్షలు అయిపోతాయి, పిల్లలు గుంపుగా జలపాతాలు చూడ్డానికి పోతారు. పైన గడ్డకట్టిన జలపాతం అప్పుడే లోపలి నుంచి కరుగుతూ ఉంటుంది, బయటికి గట్టిగా కనిపిస్తుంది. 2024 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక వైద్య విద్యార్థి అలాంటి చోటే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఫొటో కోసం మంచు గోడ కిందికి వెళ్లొద్దు తమ్ముడూ.

చలికాలంలో బిష్కెక్ నుంచి ఓష్‌కు రోడ్డు మీద వెళ్లాలనుకుంటే ఇంకోసారి ఆలోచించండి. దారి 3,000 మీటర్లు దాటిన రెండు కనుమల మీదుగా పోతుంది, తో-అషూ సొరంగం ఒకటి, అల-బెల్ ఒకటి. మంచు చరియలు పడి దారి గంటల తరబడి మూసేస్తారు. విమానం 45 నిమిషాలే.

కిర్గిజ్ వాళ్ల పాత నెలల పేర్లేంటి?

ఇది నాకు ఇష్టమైన సంగతి, ఎవరూ అడగకపోయినా చెప్తాను. జనవరి, ఫిబ్రవరి అని వాళ్లూ అంటారు కానీ కిర్గిజ్ భాషలో సొంత పేర్లున్నాయి. వసంతం నుంచి వేసవి దాకా నెలలకు కొండ జంతువుల పేర్లు: మే నెల "బుగూ", అంటే దుప్పి, జులై "తెకె", అంటే కొండమేక పోతు. చలి నెలలకు మాత్రం అంకెలు. అక్టోబరు తొమ్మిది, నవంబరు ఏడు, డిసెంబరు అయిదు, జనవరి మూడు, ఫిబ్రవరి ఒకటి. చంద్రుడు "ఉర్కోర్" అనే చుక్కల గుంపును కలిసే లెక్క నుంచి వచ్చిన అంకెలవి. ఆ చుక్కలే మన కృత్తికలు. మా ప్రొఫెసరమ్మకు కార్తీక మాసం పేరు కూడా ఆ చుక్కలదేనని చెబితే ఎంత సంబరపడిందో!

వాతావరణం మారుతోందంటున్నారు, అక్కడ ఏమైనా కనిపిస్తోందా?

హిమానీనదాలు వెనక్కి పోతున్నాయి. ఎండాకాలం నదుల్లో నీళ్లు వాటివే కాబట్టి రైతులకు ఇది పెద్ద దిగులు. 2021లో బిష్కెక్ ఉన్న చుయ్ లోయలో పంట కాల్వలకు నీళ్లు అందక గొడవలయ్యాయి. కొన్ని చోట్ల చలికాలంలో ఊటనీళ్లు పైపుతో పైకి చిమ్మి గడ్డకట్టించి, కృత్రిమ మంచుదిబ్బలు కడుతున్నారు. ఎండలు మొదలయ్యాక అవి కరిగి పశువులకు నీళ్లవుతాయి.

దోసె పిండి పులుస్తుందా?

బ్యాటరీ పక్కన పెడితే పులుస్తుంది. పెరుగూ అక్కడే తోడుపెట్టాలి. కొబ్బరినూనె సీసా కూడా అక్కడే ఉంచండి, లేదంటే నవంబరు నుంచి మార్చి దాకా రాయి.

మార్చిలో ఎండ వచ్చేసింది. జాకెట్ ఊరికి వెళ్తున్నవాళ్లతో పంపేయొచ్చా?

ఏప్రిల్ 20 దాకా ఆగండి. దక్షిణాన బాత్కెన్‌లో ఆప్రికాట్ తోటలు పూసేసిన తర్వాత మంచు దెబ్బకు పూతంతా రాలిపోయిన సంవత్సరాలున్నాయి. నేను మొదటి ఏడాది మార్చి 25న జాకెట్ పంపేశాను. ఆ తర్వాత పది రోజులు రూమ్మేట్ జాకెట్ వంతులేసుకుని వేసుకున్నాం.